ముప్పై మిల్లీమీటర్ల పని: ఇంటి షెడ్డులో లోయరింగ్ స్ప్రింగులు

అనంతపురం నుంచి తాడిపత్రి దాకా ఒకసారి స్పీడ్ బ్రేకర్లు చూసుకుంటూ పోయి రండి. లోయరింగ్ స్ప్రింగులు, అంటే కంపెనీవాటి కంటే పొట్టిగా, గట్టిగా ఉండేవి వేసి కారు ఎంత దించొచ్చో ఆ దారే చెప్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం కట్టిన హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంత వెడల్పు కాబట్టి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న హ్యాచ్‌బ్యాక్ దాని మీదికి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, పొట్ట తగలదు. ఊళ్ల ముందు రాత్రికి రాత్రి లేచే దిబ్బలు వేరే జాతి. మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. ముందు చక్రాలు దిగేసి వెనక చక్రాలు ఇంకా ఎక్కని క్షణంలో దిబ్బ సరిగ్గా పొట్ట కిందికొస్తుంది. 165 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారును 30 దించితే 135 మిగులుతుంది. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే అందులోనూ కొంత పోతుంది.

అందుకే ఈ జిల్లాల్లో రోజూ తిరిగే బండిని 25 నుంచి 30 మి.మీ. దాటి దించొద్దని నా లెక్క. నలభై, యాభై దించే కిట్లు ఫొటోల్లో బాగుంటాయి. గుత్తి దాటి ఏదైనా పల్లె దారిలోకి తిప్పితే ఆ అందం సంప్ (ఇంజిను కింది నూనె తొట్టి) మీద గీతలుగా మిగులుతుంది.

ఇక్కడ రాస్తున్నది మన దగ్గర ఎక్కువగా దొరికే రకం గురించి: ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకబ్జర్ మీదే స్ప్రింగు కూర్చునే ఏర్పాటు), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డ దూలం), బీమ్ మీద స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటివన్నీ ఈ కుటుంబమే. వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడిగా కొన్ని కడ్డీలు) ఉన్న కార్లకు బోల్టుల సంఖ్య పెరుగుతుంది కానీ పని తీరు ఇదే.

మొదట స్ప్రింగు లెక్క అర్థమైతే మిగతా పనిలో సగం తప్పులు జరగవు. కారు ముందు వైపు ఒక చక్రం మీద 300 కిలోల బరువు ఉందనుకోండి, అంటే సుమారు 2,940 న్యూటన్లు. కంపెనీ స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 25 న్యూటన్లు పడితే, కారు నిలబడి ఉన్నప్పుడు అది 118 మి.మీ. నొక్కుకుని ఉంటుంది. కొత్తది 32 న్యూటన్లదైతే 92 మాత్రమే నొక్కుకుంటుంది. అంటే గట్టి స్ప్రింగును పాత పొడవులోనే వేస్తే కారు దిగకపోగా 26 మి.మీ. లేస్తుంది! 30 దించాలంటే స్ప్రింగు విడి పొడవు (బరువేదీ లేనప్పటి పొడవు) 56 మి.మీ. తగ్గాలి. పెట్టె తెరవగానే కొత్తవి మరీ పొట్టిగా కనిపించేది ఇందుకే. తప్పు స్ప్రింగులు పంపారని కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు అదే కారును జాకీ మీద ఎత్తండి. మామూలు ఎత్తు నుంచి చక్రం 80 మి.మీ. కిందికి వేలాడగలదనుకుంటే, పాత స్ప్రింగు అప్పటికీ 38 మి.మీ. నొక్కుకునే ఉంటుంది. కొత్త స్ప్రింగుతో కారు 30 కిందికి దిగింది కాబట్టి చక్రం 110 వేలాడుతుంది. స్ప్రింగు నొక్కుకున్నదేమో 92. అంటే 18 మి.మీ. వదులు. గుంత దాటి చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు తన సీటు (అది కూర్చునే పళ్లెం) లోంచి జరిగిపోవచ్చు. మంచి కంపెనీలు ఒక చివర నాలుగైదు చుట్లు దగ్గర దగ్గరగా, మెత్తగా చుట్టేది దీన్ని ఆపడానికే. కారు బరువు పడితే ఆ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఊరుకుంటాయి, చక్రం వేలాడినప్పుడు విప్పుకుని స్ప్రింగును సీటులో పట్టి ఉంచుతాయి.

పాత స్ప్రింగునే గ్రైండరుతో ఒకటిన్నర చుట్టు కోసేస్తే ఈ ఏర్పాటేదీ ఉండదు. కోసిన చివర సీటులో సరిగ్గా కూర్చోదు, వేలాడినప్పుడు వదులవుతుంది. గ్యాస్ కటింగ్ ఇంకా ఘోరం. మంట తగిలి ఎర్రబడిన చోట స్ప్రింగు ఉక్కు టెంపర్ పోతుంది, కొన్నాళ్లకు అక్కడే కుంగుతుంది లేదా విరుగుతుంది. వెల్డింగ్ షాపులో ఐదొందలకు అయ్యే పని అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కొనేటప్పుడు కారు మోడలు ఒక్కటే చూస్తే చాలదు. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి జర్మన్ కిట్ల కాగితంలో ఇరుసు మీద ఎంత బరువు దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది. పెట్రోలు ఇంజిను కంటే డీజిలు ఇంజిను బరువెక్కువ. డీజిలు కారు ముందు స్ప్రింగులు పెట్రోలు కారుకు వేస్తే ముక్కు అనుకున్నంత దిగదు, పెట్రోలువి డీజిలుకు వేస్తే మరీ దిగుతుంది. స్ప్రింగు మీద ముద్రించిన పార్టు నంబరు, కాగితంలోని నంబరు, పెట్టె మీది నంబరు మూడూ కలవాలి. కలవకపోతే బిగించకముందే వెనక్కి పంపండి. ఒకసారి గ్రీజు అంటిన సరుకును ఎవరూ తిరిగి తీసుకోరు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. స్ప్రింగు ఎత్తు ఆర్‌సీలో రాసి ఉండదు నిజమే, కానీ క్లెయిము వచ్చిన రోజు సర్వేయరు బండి కింద చూస్తాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలపండి, పాత స్ప్రింగులు పారేయకుండా అటక మీద పెట్టండి.

స్ప్రింగులతో పాటు ఏం తెప్పించాలి? ముందు స్ట్రట్ మౌంట్లు (స్ట్రట్ పై చివరను బాడీకి పట్టించే దిమ్మలు), వాటి బేరింగులు రెండు వైపులవీ. ఇక్కడి సన్నటి ఎర్ర దుమ్ము ఆ బేరింగుల్లోకి చేరినంతగా ఇంకెక్కడా చేరదు, ఎలాగూ విప్పుతున్నప్పుడు పాతవి మళ్లీ వేయడం రెట్టింపు పని. బంప్ స్టాపులు (చక్రం పూర్తిగా పైకొచ్చినప్పుడు దెబ్బ ఆపే రబ్బరు ముక్కలు), దుమ్ము తొడుగులు. స్ట్రట్ పై నట్లు, లింక్ రాడ్ (మలుపుల్లో కారు వాలకుండా ఆపే స్టెబిలైజర్ బారును స్ట్రట్‌తో కలిపే కడ్డీ) నట్లు కొత్తవి. మాన్యువల్‌లో టార్క్ (బిగించే బలం) విలువ తర్వాత 90 డిగ్రీలు అని కలిపి రాసిన బోల్టులేవైనా ఉంటే అవి ఒక్కసారికే, విప్పితే కొత్తవి వేయాల్సిందే.

షాకబ్జర్ల గురించి మొహమాటం వద్దు. పై లెక్కలో స్ప్రింగు 28 శాతం గట్టిపడింది. దాన్ని అదే తీరున అదుపు చేయాలంటే షాకబ్జర్ సుమారు 13 శాతం ఎక్కువ పట్టాలి. కొత్త షాకబ్జర్ ఆ తేడాను సర్దుకుంటుంది. అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగినది సర్దుకోలేదు. స్ప్రింగులు వేశాక బండి గెంతుతోందని స్ప్రింగులను తిట్టేవాళ్లలో చాలామంది చచ్చిన షాకబ్జర్ల మీద కొత్త స్ప్రింగులు వేసినవాళ్లే.

ఇక నేల. మన ఇళ్ల ముందు గచ్చు చాలావరకు కడప బండలు లేదా బేతంచెర్ల బండలు. ఇసుక మీద పరిచిన బండ కింద ఎక్కడో ఖాళీ ఉంటుంది. ఎత్తిన కారును మోసే స్టాండు కాళ్లు నాలుగంగుళాల చోట వందల కిలోల బరువు మోపితే బండ ఫట్‌మని పగులుతుంది, స్టాండు ఒరుగుతుంది. చేత్తో తట్టి చూడండి, డొల్లగా మోగిన బండ మీద స్టాండు పెట్టొద్దు. మిగతా చోట కూడా 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క, అడుగున్నర చదరం, కింద వేసి దాని మీద స్టాండు పెట్టాలి. మే నెలలో తారు రోడ్డు మీద చేద్దామనే ఆలోచన కూడా వద్దు, స్టాండు కాళ్లు మెత్తబడిన తారులోకి దిగిపోతాయి. సిమెంటు ఇటుకల మీద కారు నిలబెట్టేవాళ్లున్నారు. బోలు ఇటుక చెప్పి పగలదు.

వేసవిలోనైతే ఆరింటికే మొదలుపెట్టండి. పదకొండు దాటాక ఎండలో ఉన్న పానా చేత్తో పట్టుకోలేరు. మొదటిసారి చేసేవాళ్లకు ఇద్దరు మనుషులు, ఆరేడు గంటలు పడుతుంది. కోస్తా వాళ్లతో పోలిస్తే మనకొక అదృష్టం ఉంది: ఇక్కడ వాన తక్కువ కాబట్టి బోల్టులు తుప్పు పట్టి మొరాయించవు. సెకండ్ హ్యాండ్ బండి అయితే మొదట ఎక్కడ తిరిగిందో చూసుకోండి. పాత నంబర్లలో ఏపీ 31 విశాఖ, ఏపీ 26 నెల్లూరు, మన అనంతపురం ఏపీ 02 లాగా. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండ్లకు ఈ ఆచూకీ దొరకదు, లింక్ రాడ్ నట్టు చూస్తేనే తెలుస్తుంది. తుప్పు కనిపిస్తే ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేయండి.

విప్పకముందు, చదునైన చోట, నాలుగు చక్రాల దగ్గరా హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి ఫెండరు (చక్రం పై బాడీ వంపు) అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా అందులో కలుస్తుంది.

ముందు భాగం. చక్రాల బోల్టులు నేల మీదుండగానే కొద్దిగా వదులు చేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు రెండు వైపులా ఒకేసారి ఎత్తండి. ఒక్క వైపే ఎత్తితే స్టెబిలైజర్ బారు మెలిక పడి లింక్ రాడ్ బోల్టును బిగపట్టేస్తుంది. లింక్ రాడ్ నట్టు తిప్పుతుంటే బాల్ జాయింటు కూడా తిరుగుతుంది కాబట్టి మధ్యలోని గాడిలో అలెన్ కీ గానీ టార్క్స్ గానీ పెట్టి ఆపాలి. ముందు వైరు బ్రష్‌తో మర శుభ్రం చేయకపోతే గాడి అరిగి, చివరికి రాడ్డే కోయాల్సి వస్తుంది.

స్ట్రట్‌కు బిగించిన బ్రేకు హోస్ క్లిప్పు, ఏబీఎస్ వైరు విడదీయండి. హ్యుందాయ్, మారుతీ లాంటివాటిలో స్ట్రట్‌ను నకల్‌కు (చక్రం హబ్‌ను మోసే లోహపు దిమ్మకు) రెండు పెద్ద బోల్టులు పట్టి ఉంటాయి. వదులు చేయకముందే నకల్ ఎక్కడుందో పెయింటు గీత పెట్టండి, ఆ రంధ్రాల్లోని కొద్దిపాటి ఖాళీతోనే క్యాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలే కోణం) మారిపోతుంది. పోలోలో స్ట్రట్ నకల్ లోపలికి దిగి ఉంటుంది, ఒకే బోల్టు బిగపడుతుంది. దానికి చీలికను విడదీసే స్ప్రెడర్ బిట్ కావాలి. స్క్రూడ్రైవరు, ఉలి దూర్చి సుత్తితో కొడితే నకల్ అంచు విరగొచ్చు, అల్యూమినియం అయితే మరీ.

స్ట్రట్ విడిపోగానే నకల్‌ను తీగతో కట్టేయండి. బయటికి వాలితే డ్రైవ్ షాఫ్టు (ఇంజిను బలాన్ని చక్రానికి అందించే కడ్డీ) లోపలి జాయింటు ఊడి వస్తుంది, బరువు బ్రేకు హోస్ మీద పడితే హోస్ లోపల చిరుగుతుంది. పైన మౌంటు నట్లు ఆఖరున, కింద రెండో మనిషి స్ట్రట్ పట్టుకున్నాకే విప్పాలి. మౌంటు మధ్యలో ఉన్న షాఫ్టు నట్టు జోలికి ఇంకా పోవద్దు, అది స్ప్రింగును పట్టి ఉంచిన నట్టు.

స్ప్రింగు కంప్రెసర్ దగ్గర తొందర పనికిరాదు. కారు బరువు కింద ఉన్నంతగా, 118 మి.మీ. నొక్కితే ఆ స్ప్రింగులో దాదాపు 174 జౌళ్ల శక్తి ఉంటుంది. నిండు గ్యాస్ బండ రెండడుగుల ఎత్తు నుంచి పాదం మీద పడినంత దెబ్బ. రెండు హుక్కుల కంప్రెసర్ అయితే అవి స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని చుట్లు పట్టాలి. మరలకు అంటిన దుమ్ము కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు రాయండి. దుమ్ముతో కలిసిన గ్రీజు సాన పట్టే ముద్దలా మరను తినేస్తుంది. మరలను అటు రెండు తిప్పులు, ఇటు రెండు తిప్పులు, చేతి రాట్చెట్‌తోనే. ఇంపాక్ట్ గన్ వద్దు. స్ప్రింగు వంగుతున్నట్టు కనిపిస్తే వదులు చేసి మళ్లీ సరిగా పట్టించండి. పని జరుగుతున్నంతసేపూ స్ట్రట్ రెండు చివరలూ మనుషుల వైపు చూడకూడదు.

స్ప్రింగు సీటులో చేత్తో కదిలేంత వదులయ్యాకే పై నట్టు విప్పాలి. షాఫ్టు తలలో అలెన్ పెట్టి ఆపి, వంపు రింగ్ స్పానరుతో నట్టు తిప్పండి. మెరిసే షాఫ్టును ప్లయరుతో పట్టుకుంటే పడే ఒక్క గీత చాలు, అది సీలును కోసి నెలలోనే నూనె కారుతుంది. విడదీసేటప్పుడు మౌంటు, బేరింగు, పై సీటు, బంప్ స్టాపు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో బట్ట మీద పరచండి, ఫోనుతో ఒక ఫొటో తీయండి.

బంప్ స్టాపు చిన్న రబ్బరు ముక్కే అయినా బండి మెత్తదనం చాలావరకు దాని చేతిలో ఉంది. చక్రం పైకి పోవడానికి 80 మి.మీ. ఉన్న కారులో 30 దించితే 50 మిగిలింది. స్టాపు పొడవు తగ్గకపోతే ప్రతి చిన్న గతుక్కూ కారు దాని మీదే కూర్చుంటుంది. కిట్ కాగితంలో కోయమని ఉంటే, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ వైపు అన్నది చూసి అంతే కోయండి. కోయమని లేకపోతే ముట్టుకోవద్దు. పూర్తిగా తీసేస్తే షాకబ్జర్ లోపలి పిస్టను అడుగుకు గుద్దుకుంటుంది, వాల్వు పోతుంది.

కొత్త స్ప్రింగు మీది అక్షరాలు నిటారుగా చదివేలా ఉంటే అది సరైన వైపు. కింది చివర సీటులోని అడ్డానికి ఆనాలి. అరంగుళం తేడా ఉన్నా స్టీరింగు తిప్పినప్పుడు అది జారుకుంటూ టంగ్‌మంటుంది. పొట్టి స్ప్రింగు కాబట్టి కంప్రెసర్‌తో ఈసారి పెద్ద పని ఉండదు. పై నట్టును టార్క్ రెంచితో బిగించి, కంప్రెసర్‌ను అటూ ఇటూ సమంగా వదలండి. స్ట్రట్ పైకెక్కించేటప్పుడు పై నట్లు, నకల్ బోల్టులు విప్పిన దారిలోనే వెనక్కి. నకల్ బోల్టులు గీతకు సరిపెట్టి పూర్తి టార్క్‌కు బిగించొచ్చు, అక్కడ రబ్బరు బుష్ లేదు.

వెనక భాగం దీని ముందు పిల్లాట. బీమ్ మధ్యలో జాకీ ఆనించి, రెండు షాకబ్జర్ల కింది బోల్టులు తీసి, బీమ్‌ను మెల్లగా దించితే స్ప్రింగులు చేతికొస్తాయి. బ్రేకు హోసులు, ఏబీఎస్ వైర్లు, హ్యాండ్‌బ్రేకు కేబుల్ బిగుసుకోకముందే ఆగాలి. పైనా కిందా రబ్బరు సీట్లు ఉంటాయి. పాతవి చిరిగి ఉంటే మార్చండి, ఒకటి మరిచిపోతే ఆ మూల కొన్ని మిల్లీమీటర్లు వంగి నిలబడుతుంది. ఏబీఎస్ లేని పాత కార్లలో వెనక బీమ్‌కు కట్టిన బ్రేకు లోడు వాల్వు ఉండొచ్చు. కారు దిగగానే అది డిక్కీ నిండా సామాను ఉందనుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, ఖాళీ బండి గట్టి బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి. దాని కడ్డీ సర్దకుండా రోడ్డెక్కొద్దు.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసే మెట్టు దీని తర్వాతిది. లోయర్ ఆర్మ్ (నకల్ కింది భాగాన్ని బాడీ వైపు కలిపే చేయి) లోపలి బుష్‌లు, వెనక బీమ్ బుష్‌లు, వెనక షాకబ్జర్ కింది బుష్‌లు రబ్బరును లోహానికి అతికించినవి. బోల్టు బిగించాక అవి జారవు, మెలిపడతాయి. ముట్టుకోకుండా వదిలేసినా అవి పాత ఎత్తుకు బిగించి ఉన్నవే. 330 మి.మీ. పొడవున్న ఆర్మ్‌కు 30 మి.మీ. తేడా అంటే ఐదు డిగ్రీల మెలిక, అదీ కారు నిలబడి ఉన్నప్పుడే, రోజంతా. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఇంకా ఎక్కువ. ఏడాది తిరక్కుండానే రబ్బరు చీలి కిర్రుమంటుంది.

కాబట్టి ఆ బోల్టులన్నీ గాల్లో ఉండగా వదులు చేసి, తిరిగి చేతి బిగువుకు మాత్రమే తిప్పండి. చక్రాలు వేసి, కారు దించి, మనిషి బలంతో ముందుకు వెనక్కు రెండు మూడడుగులు తోసి, నాలుగు మూలలూ నొక్కి వదలండి. ఇప్పుడు హబ్ నుంచి ఫెండరు కొలత రాసుకోండి. ర్యాంపులుంటే వాటి మీదికి ఎక్కించి అలాగే బిగించొచ్చు. లేకపోతే మళ్లీ ఎత్తి స్టాండ్ల మీద పెట్టి, ఒక్కో చక్రం దగ్గర ఆర్మ్ చివర కింద జాకీ ఆనించి, అదే కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు పూర్తి టార్క్ వేయండి. టార్క్ విలువలు మీ కారు సర్వీసు మాన్యువల్‌లోవే వాడండి, పక్క కారువి కాదు. చక్రాలకు మాత్రం ఉజ్జాయింపుగా చెప్పాలంటే ఫోక్స్‌వాగన్‌కు 120 న్యూటన్ మీటర్లు, హ్యుందాయ్‌కి 107 నుంచి 127.

అలైన్‌మెంటుకు ఆ సాయంత్రమే తీసుకెళ్లి టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించండి, 300 నుంచి 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి. కారు దిగితే టై రాడ్ (స్టీరింగు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కోణం మారి టో మారుతుంది, క్యాంబర్ కొంచెం లోపలికి వాలుతుంది. టైరు లోపలి అంచు తినేసిందని అందరూ క్యాంబర్‌ను అంటారు గానీ ఎక్కువసార్లు దొంగ టోనే. ప్రింటు కాగితం అడిగి తీసుకోండి, కుడి ఎడమ క్యాంబర్ తేడా అర డిగ్రీ దాటితే నకల్ బోల్టులు గీతకు సరిగా కూర్చోలేదన్నమాట. హెడ్‌లైట్ల గురి కూడా గోడ మీద సరిచూసుకోండి.

వంద కిలోమీటర్ల తర్వాత చక్రాల బోల్టులు, లింక్ రాడ్ నట్లు, స్ట్రట్ పై నట్లు మరోసారి రెంచితో చూడండి. శబ్దాలు వస్తే చెవితోనే చాలావరకు పట్టేయొచ్చు. నిలబడి స్టీరింగు తిప్పితే టంగ్‌మంటే స్ప్రింగు చివర అడ్డానికి ఆనలేదు, లేదా బేరింగు తిరగేసి వేశారు. చిన్న గతుకుల మీద టక టకమంటే లింక్ రాడ్, కాకపోతే షాఫ్టు పై నట్టు. పెద్ద గుంతలో మాత్రమే డబ్‌మంటే బంప్ స్టాపు తన పని తాను చేస్తోంది. ఖాళీ బండికే, ప్రతి గతుక్కూ డబ్‌మంటుంటే స్ప్రింగు నంబరు మళ్లీ చూడండి, డీజిలు కారుకు పెట్రోలుది పడి ఉంటుంది.

కొత్త ఎత్తులో మొదటి వారం స్పీడ్ బ్రేకర్లన్నీ ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటండి. వెనక బండి హారన్ కొడితే కొట్టనివ్వండి.